తలెత్తితే తప్పు కాగితానిదే

మా వదిన సోమవారం ఉదయం చనిపోయింది. కిడ్నీలు పాడై ఏడాదిగా బాధపడుతోంది. ఫోన్ వచ్చినప్పుడు, నీట మునిగిన వరి చేల గురించి మా పత్రికకు వార్త రాయడానికి నేను కొడవలూరులో ఉన్నాను. "మీ వదిన పోయిందిరా" అని అన్నయ్య ఫోన్ పెట్టేశాడు.

వదిన నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో పనిచేసేది. యంత్రాలు బాగుచేసేది కాదు. అవి ఆగిపోతే ఎవరు ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, ఏదైనా మార్చాలంటే ఎవరు ఒప్పుకోవాలి అన్న నియమాలు రాసేది.

"నియమాలు రాసేదానికి కూడా జీతమిస్తారా వదినా?" అని ఒకసారి ఏడిపించాను.

"వాగు పొంగిందని రాసేదానికి నీకిస్తుండారు కదయ్యా, నాకియ్యరా?" అంది.

ఒక వానాకాలం సముద్రం మీంచి గాలివాన కొట్టి ఆసుపత్రిలో కంప్యూటర్లు ఆగిపోయాయి. చేత్తో చీటీలు రాసి మందులివ్వమని చెప్పగలిగిన అధికారి ఒక్కడే. ఆయన మనుబోలు దగ్గర నీళ్ళలో చిక్కుకున్నాడు, ఫోన్ కలవలేదు. మందుల కౌంటర్ ముందు జనం అలాగే నిలబడిపోయారు. ఆ వరసలో, ఆయాసపడుతున్న బిడ్డను ఎత్తుకున్న తల్లిని వదిన ఎన్నటికీ మరిచిపోలేదు.

అప్పటినుంచి ఆమె రాసిన ప్రతి నియమంలో, ఒకరు దొరక్కపోతే తర్వాత ఎవరన్నది ఉండేది. హోదాలే రాసేది, మనుషుల పేర్లు రాసేది కాదు. "పేరు రాస్తే, ఆ మనిషి సెలవు పెట్టినరోజు కాగితానికీ సెలవే" అనేది. పేరు లేకుండా వార్త రాయని నాకు అది వింతగా ఉండేది. ఇక్కడ ఆమె పేరు రాయకపోవడం ఆమె పద్ధతే.

ఆదివారాలు చిత్తుప్రతి నాకిచ్చి చదవమనేది. ఒకసారి అందులో 'వీలైనంత త్వరగా' అని చేర్చాను. "ఎవరి వీలయ్యా?" అని కొట్టేసింది.

రాసింది సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి కాగితాన్ని ఏ నర్సుకో, కౌంటర్ పిల్లకో ఇచ్చేది. "సిస్టం ఆగిపోయిందమ్మా, ఇప్పుడేం చేస్తావు?" అని అడిగి, ఎదురుగా నోరు మూసుకుని కూర్చునేది. చదివే మనిషి మధ్యలో తలెత్తి తన మొహం చూస్తే చాలు, కాగితం వెనక్కి తీసుకునేది. "నా మొహంలో వెతుక్కుంటా ఉందంటే, అది కాగితంలో లేనట్టే. తప్పు ఆ పిల్లది కాదు" అనేది.

చివరి నెలల్లో డయాలసిస్ మంచం మీద కూడా మందుల కౌంటర్ నియమాలు తిరగరాస్తూనే ఉంది. అన్నయ్య కోప్పడ్డాడు. "నేను లేనప్పుడు వాళ్ళు ఎవరి మొహం చూస్తారు?" అంది.

కర్మ అయ్యాక ఆమె సామాన్లు తేవడానికి ఆసుపత్రికి వెళ్ళాను. కళ్ళజోడు, నీళ్ళ సీసా, ఏసీ చలికి కప్పుకునే శాలువా. కంప్యూటర్ విభాగంలో ఆమె కూర్చునే కుర్చీ మందుల కౌంటర్ వెనకే, అద్దం అవతల ఉంది. నేను అక్కడుండగానే కంప్యూటర్లు ఆగిపోయాయి. వరసలో ఎవరో "ఇంకేముంది, పోయినట్టే పని" అన్నారు.

కౌంటర్ పిల్ల గోడకున్న కాగితం తీసి, వేలు పెట్టి చదువుకుంది. ఒకరికి ఫోన్ చేసింది, ఎత్తలేదు. తర్వాతి వారికి చేసింది. మాట్లాడి, చీటీల పుస్తకం తెరిచింది.

"రా పెద్దాయనా, నీ మందులేందో చూపించు" అంది. వరస కదిలింది.

ఆ పిల్ల ఒక్కసారి కూడా తలెత్తి ఆ కుర్చీ వైపు చూడలేదు. శాలువా చేత్తో పట్టుకుని నేనొక్కడినే చూస్తూ ఉన్నాను.