చివరి వరుస, కుడి మూల

వారాంతంలో ఏం చూడాలో పత్రికలో చెప్పే ఆవిడ పన్నెండేళ్లపాటు ఒకే నియమం మీద నడిచింది: తాను కూర్చుని చూడనిదాన్ని ఇంకొకరిని చూడమనకూడదు. ప్రతి శుక్రవారం తన పేజీలో, ప్రతి సిఫారసు కింద, చీమల్లాంటి అక్షరాల్లో ఒక వాక్యం వేయించేది: ‘నేను కూర్చున్న చోటు: చివరి వరుస, కుడి మూల.’ రిహార్సల్‌కు వెళ్లి అక్కడే కూర్చునేది. అక్కడిదాకా మాట వినబడితే రాసేది. వినబడకపోతే, వేదిక మీదున్నది పత్రిక యజమాని బావమరిదైనా సరే, రాసేది కాదు. మధ్యలో లేచివస్తే ఆ సంగతీ అదే వాక్యంలో ఒప్పుకునేది. అలవాటైన పాఠకులు ముందు ఆ వాక్యం చదివి, తర్వాత పైకి వెళ్లేవారు. ఆఫీసులో ఆవిడ పేరే ‘చివరి వరుస’ అయిపోయింది.

ఆ పన్నెండేళ్లలో ఆవిడ చేతికి నియామక పత్రం రాలేదు. పని చేయించుకునేటప్పుడు ఉద్యోగి, సెలవు అడిగినప్పుడు అతిథి. ఇలాంటి ప్రాణిని సృష్టించిన ఘనత ప్రకృతిది కాదు, మానవ వనరుల విభాగానిది.

కొత్తగా వచ్చిన ఎడిటర్‌కు చిన్న అక్షరాలు చదివే అలవాటు లేదు.

“ఈ వారం పేజీ మొత్తం జపాన్ వాసన రావాలి మేడమ్. మాల్ వాళ్ల ఉత్సవం పైన పెట్టండి. ఫోటో కూడా వాళ్లే ఇచ్చారు.”

“చూసొచ్చి రాస్తాను.”

“చూడ్డానికేముంది? వివరాలన్నీ వాళ్లే పంపారుగా.”

“పెళ్లికొడుకు గుణగణాలు కూడా వాళ్లమ్మే పంపుతుంది బాబూ. చూడకుండా చేసేసుకుంటామా?”

ఎడిటర్ నవ్వలేదు. మాల్ ప్రకటనకర్త. ప్రకటనకర్త విషయంలో నవ్వే అధికారం అతనికీ ఎవరూ రాసివ్వలేదు.

బుధవారం ఆవిడ మాల్‌కు వెళ్లింది. అక్కడ జపాన్ టీ వేడుకకు సన్నాహం జరుగుతోంది. ఆ వేడుకకు ప్రాణం నిశ్శబ్దం. మాల్ యాజమాన్యం దానికి ఒక యాంకర్‌ను, రెండు స్పీకర్లను కేటాయించింది. “ఇప్పుడు మన చెఫ్ గిన్నె తిప్పుతున్నారు, గట్టిగా చప్పట్లు!” అని యాంకర్ అరుస్తుంటే, చెఫ్ ఆ గిన్నెలో టీ సంచి ముంచుతున్నాడు. చాపలు అతిథుల ఫోటోల కోసమట, కూర్చోకూడదట. ఆవిడ చెప్పుల స్టాండు పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. గుమ్మంలో కిమోనోలు తొడుక్కున్న అమ్మాయిలు నిలబడి నమస్కారాలు పెడుతున్నారు. ఆ దేశంలో బతికున్నవాళ్లు కిమోనో ఎడమ అంచును పైకి వేసుకుంటారు. కుడి అంచు పైకి వేసేది శవానికి. అమ్మాయిలందరికీ కుడి అంచే పైన ఉంది.

“అమ్మడూ, ఇది తిప్పి కట్టుకో. చచ్చినవాళ్లకి కడతారు ఇలా.”

“మేనేజర్ గారు ఇలాగే కట్టుకోమన్నారాంటీ.”

“అయితే ముందు ఆయనకి కట్టండి.”

అమ్మాయిలు నోళ్లకు చేతులడ్డం పెట్టుకున్నారు. ఆవిడ లేచి వచ్చేసింది.

సాయంత్రం గ్రంథాలయం మేడ మీది గదిలో పాత జపాన్ సినిమా రిహార్సల్‌కు వెళ్లింది. మూకీ సినిమాల కాలంలో జపాన్‌లో తెర పక్కన ఒక మనిషి నిలబడి, పాత్రలన్నిటికీ తానే గొంతిచ్చి కథ చెప్పేవాడు. అతన్ని బెన్షీ అనేవారు. ఇక్కడ ఆ పని నెత్తికెత్తుకున్నది బస్టాండులో ప్రకటనలు చదివి రిటైరైన పెద్దాయన. తెర మీద గొడుగులు బాగుచేసే తండ్రి పనికోసం రైలెక్కుతున్నాడు, పిల్లవాడు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. పెద్దాయన నోటికి పాత అలవాటు అడ్డొచ్చింది: “ప్రయాణికులకు విజ్ఞప్తి. మీ సామాన్లకు మీరే బాధ్యులు.” నాలుక కరుచుకున్నాడు. వెంటనే పిల్లవాడి గొంతుతో అన్నాడు: “మరి నాకెవరు నాన్నా?”

నవ్వబోయిన ఆవిడ ముక్కు చీదుకోవలసివచ్చింది.

“తప్పయిపోయిందమ్మా, ఆదివారానికి ఆ ముక్క తీసేస్తాను,” అన్నాడాయన.

“తీసేశారంటే నేను రాసేది అబద్ధమవుతుంది. ఉంచండి.”

ఉన్నదున్నట్టు రాసిచ్చింది: బెన్షీ పైన, మాల్ కింద. ఎడిటర్ తలకిందులు చేశాడు. మాల్ గురించి ఆవిడ రాసిన ప్రతి వాక్యాన్నీ కొట్టేసి, ‘అద్భుతం’, ‘అపురూపం’, ‘కుటుంబ సమేతంగా’ అనే మూడు స్తంభాల మీద కొత్త భవనం లేపాడు. పైన ఆవిడ పేరు ఉంచాడు. చూడని అద్భుతాన్ని చూశానని ఆ పేరు ఒక్కసారి చెప్పిందంటే, పన్నెండేళ్లు కూర్చున్నదంతా చెల్లకుండా పోతుంది. అయితే కింది చీమల వాక్యాన్ని మాత్రం అతను, ఎప్పటిలాగే, చదవలేదు.

శుక్రవారం ఉదయం అక్క పేపరు అందుకుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. అక్క రిటైరైన నర్సు. జాలి డ్యూటీలోనే ఖర్చయిపోయిందని చెప్పుకుంటుంది. అలవాటు కొద్దీ అడుగు నుంచి మొదలుపెట్టింది.

“‘నేను కూర్చున్న చోటు: చెప్పుల స్టాండు పక్కన. టీ రంగు దిగేలోపే లేచాను.’ ఒసేయ్, పైన అద్భుతమని ఉందేమిటే?”

“పైన రాసింది నేను కాదక్కా.”

“అది తెలుస్తూనే ఉంది. నువ్వు నన్నే ఏనాడూ అద్భుతమనలేదు.”

మాల్‌కు జనం రాలేదని కాదు. చేతిసంచి ఉచితం కాబట్టి విరగబడి వచ్చారు. వచ్చినవాళ్లు నేరుగా చెప్పుల స్టాండు దగ్గరికి వెళ్లి, ఆ స్టూలు మీద వంతులవారీగా కూర్చుని ఫోటోలు దిగారు. శనివారం మధ్యాహ్నానికి ఎడిటర్ ఫోను వచ్చింది.

“మిమ్మల్ని తీసెయ్యడం కాదు మేడమ్. పేజీని కొత్తగా ఆలోచిస్తున్నాం.”

“ఆ ఆలోచనలో నేనున్నానా?”

“ఇకమీదట బయటి రచయితలతో రాయించకూడదని...”

“పన్నెండేళ్లూ బయటే ఉంచారుగా. ఇంకెక్కడికి తోస్తావు బాబూ?”

ఉద్యోగమే ఇవ్వలేదు కనుక తొలగింపూ జరగలేదు. జరగని తొలగింపుకు కారణం చూపనక్కర్లేదు, గడువు ఇవ్వనక్కర్లేదు. ఇంత నున్నటి అన్యాయానికి వేలిముద్ర కూడా అంటదు.

ఆదివారం సాయంత్రం అక్కాచెల్లెళ్లు గ్రంథాలయం మెట్లెక్కారు. గది నిండింది, కిటికీ గట్ల మీద కూడా మనుషులున్నారు. చివరి వరుసలో కుడి మూల కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. దానిమీద ఎవరూ రుమాలు వేయలేదు, పేరు రాయలేదు.

ఆవిడ కూర్చుంది, అక్క పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది. దీపాలు ఆర్పారు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. అప్పుడు ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత ఇంకొకావిడ. కాసేపటికి ఎవరో ఒకరు తిరిగి చూస్తూనే ఉన్నారు: మూలలో మనిషి ఉందా, లేచిందా?

“అక్కా,” అంది ఆవిడ గొంతు తగ్గించి, “వచ్చేముందు రెండు గ్లాసుల టీ తాగాను.”

“చచ్చినా లేవకు. నువ్వు లేస్తే గదంతా లేస్తుంది.”

తెర మీద రైలు ఇంకా రాలేదు. ఆవిడ కాలి మీద కాలు వేసుకుని, పళ్లు బిగించి, కూర్చుంది.