ఖాళీ కాని గడి

ఆఫీసులో ఆమెను పట్టికలమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవారు, ఇప్పుడు ఎదురుగానే. ఒంటరిగా బతికేవాళ్లకు రోజూ పొద్దున ఫోన్ చేసి, బాగున్నారా అని అడిగే సంస్థ అది. హాలు నిండా మాటలే. గాజు తలుపుకు ఇవతల, సర్వర్ల చలిగదిలో ఆమె ఒక్కతే. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో చెప్పే డేటాబేస్ ఆమెది.

డేటాబేస్ అంటే పట్టికలే. వరుసలు, గడులు. మామూలుగా అయితే ఒక గడిలో నంబరు రాసి, ఆ నంబరు ఎవరిదో ఇంకో పట్టికలో వెతుక్కోవాలి. ఆమె కట్టినదాంట్లో ప్రతి మనిషి వరుసా ఒక ఆబ్జెక్ట్, అంటే తనకంటూ ఓ గుర్తున్న వస్తువు. వెతకనక్కర్లేదు, గడి ఆ మనిషినే నేరుగా చూపిస్తుంది. చెయ్యి చాచి, అదిగో ఆమే, అన్నట్టు. ఫోన్ అందుకునే ప్రతి ఒక్కరి వరుసలోంచీ ఫోన్ చేసే మనిషివైపు ఒక చెయ్యి. కట్టినప్పుడు ఆమెకెంతో ముచ్చటేసింది.

ఒక ఉదయం హాలు సూపర్‌వైజరు తలుపు తోసుకుని వచ్చాడు.

"అక్కా, ఉద్యోగం మానేసినవాళ్ల వరుసలు తీసేశావా?"

"ఎప్పుడో తీసేశా. బూజు దులిపినట్టు దులిపా."

"మరి వాళ్లు ఫోన్ చేసిన జనాన్ని ఎవరికి అప్పజెప్పాలి? ఫోన్ చేసే దిక్కులేనివాళ్లెవరో చెప్పమంటే ఎవ్వరూ లేరంటోంది నీ డేటాబేస్. ఊరంతా ఇంత సుఖంగా ఉందంటే నాకెందుకో గుబులుగా ఉంది."

ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. వరుస చెరిపేస్తే మనిషి పోతుంది, అటు చాచిన చెయ్యి మాత్రం వెనక్కి రాదు. గాలిలో అలాగే ఉంటుంది. ఆ గడి ఖాళీయా అని అడిగితే, కాదనే అంటుంది డేటాబేస్. చేతికి అవతల ఎవరైనా ఉన్నారా అని విడిగా అడగాలి. ఆమె అడగడం మరిచిపోయింది.

ఇప్పుడు అడిగింది. తెర మీద పేర్లు రాలాయి.

హాలంతా ఫోన్ల మీద పడింది. ఒక్కొక్కరే పలికారు. పని మానుకున్న ఒక దర్జీ నంబరుకు మాత్రం రింగు పోతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఒంటరి మనిషి. పట్టికలమ్మ చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"నేను వెళ్లి చూసొస్తా."

దర్జీ ఇంటి మెట్లెక్కుతుంటే ప్రతి మెట్టూ ఆమెను వెనక్కి లాగింది. తలుపు తట్టింది. లోపల ఏ చప్పుడూ లేదు. మళ్లీ తట్టింది. గొళ్లెం కదిలింది.

"ఎవరమ్మా?"

తలుపు తీసింది దర్జీయే.

"ఫోన్ సంస్థ నుంచండీ. మీరు ఫోన్ ఎత్తకపోతే..."

"ఇక అది మోగదులే అని తీగ పీకేశా. చిలకేదీ?"

"చిలకెవరండీ?"

"రోజూ నాతో మాట్లాడే పిల్ల. గడగడా వాగుతుంది, అందుకే చిలక అన్నా. నీ గొంతు వింటే పెళ్లికొడుకులు పారిపోతారే అని ఏడిపించా. మర్నాటినుంచి ఫోన్ లేదు." ఆయన తలుపు రెక్క పట్టుకుని నేల చూశాడు. "అప్పట్నుంచీ ఆ ఒక్క మాటే కుట్టడం, విప్పడం."

"మీ మాట వల్లేం కాదండీ. ఆమె ఉద్యోగం మానేసింది, అంతే. మీకు ఇంకొకరిని పెట్టాల్సింది. పొరపాటు నాది."

"మానేసిందా! ఎక్కడికెళ్లింది?"

"తెలీదండీ."

"పోనీ, బాగుందా?"

ఆమె లోపలికొచ్చింది. వంగి, ఫోన్ తీగ గోడకు తగిలించింది.

తిరిగొచ్చి, ఏ వరుసవైపైనా ఒక్క చెయ్యి చాచి ఉంటే దాన్ని చెరపడానికి వీల్లేకుండా కట్టుదిట్టం చేసింది. తర్వాత దర్జీ గడిని తనవైపు తిప్పబోయింది. ఫోన్ చేసేవాళ్ల పట్టికలో తన వరుసే లేదు. కొత్తగా రాసుకుంది.

మర్నాడు పొద్దున ఫోన్ చేసింది.

"బాగున్నారా అండీ?"

"ఆఁ."

తీగలో సన్నగా గాలి.

"నీకు మాట్లాడటం రాదేంటమ్మా?"

"అలవాటు లేదండీ. పెట్టెయ్యనా?"

"ఉంచు. చిలకొస్తే మాత్రం లైను దానికిచ్చెయ్యాలి."

"అలాగేనండీ," అంది. ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.