జహీదా తిట్ల మీద పరీక్షించిన ఇయర్‌ఫోన్లు

జూలూరుపాడు సెంటర్లో మొబైల్ సామాన్ల షాపు పెట్టుకున్న బషీర్‌కు ఒక్కటే పట్టింపు. తన భార్య జహీదా తిట్లు వినిపించకుండా ఎవరికీ ఇయర్‌ఫోన్లు అమ్మడు.

ఇది అతిశయోక్తి కాదు, వ్యాపార పద్ధతి. ఒకనాడు పుట్టింటివాళ్లు వస్తున్నారని జహీదా ఖీమా తెమ్మని పంపితే, బషీర్ సాయంత్రానికి అట్టపెట్టె నిండా చవక ఇయర్‌ఫోన్లతో తిరిగొచ్చాడు. అందులోంచి ఒకటి తీసి, దాని మైకు పనిచేస్తోందో లేదో చూసుకుంటున్న శుభముహూర్తాన జహీదా నోరు తెరిచింది. మైకు పనిచేసింది.

అలా ఫోన్లో పడ్డ ఆ ప్రసంగం మామూలుది కాదు. కోపం ఉర్దూలో మొదలై, వివరాలకొచ్చేసరికి తెలుగులోకి దిగుతుంది. నడుమ గాజుల గలగల, గరిటె కిందపడ్డ చప్పుడు, కుక్కరు కూత, ఆఖర్న ఒక నిట్టూర్పు. సృష్టిలోని సమస్త ధ్వనులూ అందులో ఉన్నాయని బషీర్ నమ్మకం.

"పాట పెట్టు భాయ్, విని చూస్త," అని గిరాకీ అడిగితే బషీర్ జాలిగా నవ్వేవాడు.

"పాటల ఏది కొట్టుకపోయినా మనకు తెల్వదు. అది గూడ సంగీతమే అనుకుంటం. తిట్లల ఒక్క ముక్క పోయినా తెలుస్తది. విను... ఏం వినబడ్డది?"

"వదిన ఖీమా గురించి అడుగుతుంది."

"నిట్టూర్పు వచ్చిందా?"

"లేదు భాయ్."

"అయితే ఆ పీసు వద్దు, పక్కన పెట్టు. నిట్టూర్పు వినబడకపోతే సంసారమే నడవదు, ఇంక పాటలేం నడుస్తయ్?"

డబ్బాల మీద కంపెనీలు ఏం అచ్చేసుకున్నా బషీర్ తీర్పు బషీర్‌దే. ఒకదానికి 'రేకుల షెడ్డు మీద వాన' అని పేరు పెట్టాడు. ఇంకోదానికి 'బావిలో పడ్డ బిందె'. కుడి చెవిలో జాతర, ఎడమ చెవిలో మౌనవ్రతం పాటించే రకానికి 'మామా అల్లుళ్లు' అన్నాడు. ఆటో నడిపే కోటేష్ లాంటి పాత గిరాకీలు వచ్చి, "భాయ్, బావిల పడ్డ బిందె ఒకటియ్యి, డ్రైవింగ్‌కు అదే మంచిగుంటది," అని పేరుతోనే అడిగి తీసుకుపోయేవారు. సొంత సరుకును నోరారా తిట్టే వ్యాపారి చుట్టుపక్కల మరొకడు లేడు. తిట్ల విషయంలో ఆ దంపతులది సమాన ప్రతిభ.

ఈ సంగతులేవీ ఇంట్లో ఉన్న జహీదాకు తెలియవు. తెలిసింది వైరాలో ఒక పెళ్లి విందులో. ముక్కూ మొహం తెలియని ఆడమనిషి గొంతు గుర్తుపట్టి పక్కన కూచుని, చెయ్యి పట్టుకుని, "ఆ రోజు చుట్టాలకు ఏం వండినవ్ వదినా, పాపం?" అంది.

"ఏ చుట్టాలకు?"

"అదే, ఖీమా రాలేదు గద!"

జహీదా చేతిలో ముద్ద మళ్లీ పళ్లెంలో పెట్టేసింది. విచారిస్తే తేలిందేమంటే, తన ఇంటి గుట్టు ఈ ప్రాంతంలో ఇయర్‌ఫోన్లు కొన్న ప్రతివాడి రెండు చెవుల్లోనూ ఉంది. కొందరు ఆ ఉర్దూ భాగాన్ని అప్పజెప్పగలరు కూడా.

మర్నాడు పొద్దున్నే బుర్ఖా వేసుకుని షాపుకొచ్చింది. "అజీ, ఫోనియ్యి. అది తీసేస్త."

"జహీదా, అది మాటలు గాదు, తూకం రాయి. షాపుల తూకం రాయి లేకపోతే..."

"నా ఇజ్జత్ నీకు తూకం రాయా? ఇయ్యి!"

బషీర్ ఫోను తీసి ఇవ్వబోతుండగా తండా నుంచి లాల్‌సింగ్ దిగాడు. తలపాగా, పెద్ద మీసం, చేతిలో చెవుల్లోంచి పీకేసిన ఇయర్‌ఫోన్లు.

"బషీర్‌భాయ్! ఇది గూడ ఖరాబే!" అంటూ గల్లా బల్ల మీద పడేశాడు. బయట ఆటోలో పడుకున్న కోటేష్ ఆ కేకకు ఉలిక్కిపడి లేచాడు.

"ఏమైంది మామా?"

"ఏమైతది! ఖమ్మంల బ్యాంకు నౌకరి చేసే నా బిడ్డ భార్గవి లేదా? నౌకరి రానంతవరకు మంచిగ మాట్లాడేది. ఇప్పుడు గొణుగుతది. ఏందే అంటే మల్ల గొణుగుతది. తండ్రితోని నోరిప్పి మాట్లాడనీకి నామోషీ అయిందేమో. నేను గూడ ఫోనెత్తుడు బంద్ చేసిన." మీసం గంభీరంగా ఉంది గానీ, కళ్లు అంత గంభీరంగా లేవు. "ఒక్కటన్న మంచి మిషనియ్యి భాయ్. దాంట్ల గూడ గొణిగిందంటే, ఇంక బిడ్డే లేదనుకుంట."

బషీర్ కొత్త డబ్బా చింపి, తీగ ఫోనుకు గుచ్చి, తిట్లు పెట్టాడు. ఆ తిట్ల స్వంతదారు పక్కనే స్టూలు మీద కూచుని పళ్లు కొరుకుతోంది.

"గాజుల చప్పుడు వచ్చిందా మామా?"

"ఏం గాజులు? ఎవరో ఆడమనిషి రజాయి కప్పుకొని కొట్లాడినట్టున్నది."

"కుక్కరు కూత?"

"కూతెక్కడిది?"

జహీదా ఊరుకోలేకపోయింది. లాగేసుకుని తన చెవిలో పెట్టుకుంది. గాజులు, గరిటె, కూత, నిట్టూర్పు, అన్నీ అక్షరం పొల్లుపోకుండా వినిపించాయి. "ఏంది, మంచిగనే వినబ..." అంటూ తలెత్తింది. బషీర్ ఆమెనే చూస్తున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను అలా బతిమాలినట్టు చూడటం ఎప్పుడూ లేదు, ఖీమా రోజున కూడా.

"ఖరాబ్!" అన్నాడు గట్టిగా, వీధి వినేలా. "మొత్తం మాలే ఖరాబొచ్చింది! నీ తప్పేం లేదు మామా."

కోటేష్ తల లోపలికి పెట్టాడు. "భాయ్, మాల్ గాదు, ముసలాయనకే చెవి..."

"నువ్వు బండి చూసుకో పో! ఎవడో గాలి తీస్తుండు." కోటేష్ పరుగెత్తాడు. బషీర్ మళ్లీ ఇటు తిరిగాడు. "మామా, నీ చెవికి రెడీమేడ్ సరిపోదు. కొలతిచ్చి చేయించాలె."

"చెవికి కొలతనా?"

లాల్‌సింగ్ అనుమానంగా చూశాడు. అంతలో జహీదా గొంతు సవరించుకుంది.

"అవ్ మామా. జాకెట్టుకు కొలత లేదా, చెప్పుకు లేదా? మా మేనమామకు గిట్లనే కొలతిచ్చి చేయించినం. మీసమున్నోళ్లకు రెడీమేడ్ అస్సలు పట్టదంట."

మీసం మాట వచ్చేసరికి లాల్‌సింగ్ ఒప్పుకున్నాడు. ఖమ్మం దవాఖానాలో కొలత తీస్తారనీ, తనకూ అక్కడ పనుందనీ, ఇద్దరం కలిసే పోదామనీ బషీర్ చెప్పి పంపించాడు.

"నీకు ఖమ్మంల ఏం పని?" అంది జహీదా.

"మామ పనే."

"ఇట్ల ఎంతమందిని తోలుకపోయినవ్?"

"పెద్దోళ్లు చానమంది వస్తరు జహీదా. మిషన్ గొణుగుతుందంటరు. నీ గాజులు వినబడకపోతే నాకు సంగతి తెలుస్తది. చెవి పోయింది మామా అంటే పదిమందిల చిన్నబోతరు, మల్ల గడప తొక్కరు. మాల్ ఖరాబంటే ఖుషీగ దవాఖానాకొస్తరు." తలగోక్కున్నాడు. "నా మాల్‌కు ఇజ్జత్ ఏడుంది పోనీకి? అది ఎట్లనో ఖరాబ్ మాలేనాయె."

జహీదా ఫోను అడగకుండానే ఇంటిదారి పట్టింది. అది ఆ ఇంటి చరిత్రలోనే అరుదైన ఘటన.

కొన్నాళ్లకు, జహీదా షాపులో ఉండగానే లాల్‌సింగ్ మళ్లీ దిగాడు, ఈసారి తలపాగా ఒక పక్కకు ఎత్తి కట్టి. చెవి వెనక చిన్న మిషను. అది అందరికీ కనబడాలని మెడ వంకర పెట్టి నడుస్తున్నాడు. "వైరు లేదు, ఏం లేదు! కొలతిచ్చి చేయించిన్రు!"

కోటేష్ కళ్లు కుట్టాయి. "భాయ్, నాకు గూడ గసొంటిదే కావాలె."

"నీకు రాదు. దానికి వయసు సాలదు."

లాల్‌సింగ్ అక్కడే బల్లకు ఆనుకుని బిడ్డకు ఫోన్ చేశాడు. తండ్రి ఫోన్ చేశాడన్న సంబరమో, పాత అలవాటో, ఖమ్మంలో భార్గవి పెట్టిన కేక షాపంతా మోగింది: "బాపూ! ఇనబడ్తుందా? బాపూ!"

లాల్‌సింగ్ అదిరిపడ్డాడు. "ఎందుకే గట్ల ఒర్లుతవ్? మెల్లగ మాట్లాడు! నేనేమన్న చెవిటోన్నా?"

భార్గవి గొంతు తగ్గించి ఏదో చిన్నగా అంది. అది షాపులో ఎవరికీ వినబడలేదు, లాల్‌సింగ్‌కు మాత్రం వినబడింది. వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. "తిన్న బిడ్డా... జొన్నరొట్టెలే. నువ్వు తిన్నవా?"

అతను వెళ్లాక బషీర్ ఫోను భార్య ముందు పెట్టాడు. "నీ ఇజ్జత్ నీది. తీసెయ్."

జహీదా ఫోను చేతిలోకి తీసుకుంది. "తీసేస్త. దీంట్ల నా గొంతు బొంగురుగుంది. కొత్తది చేద్దాం, మంచిగొస్తది. ఊ, పెట్టు."

బషీర్ రికార్డింగ్ పెట్టాడు. జహీదా గాజులు సర్దుకుంది, గొంతు సవరించుకుంది, భర్త వంక చూసింది. నోటికి ఒక్క తిట్టూ రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. నవ్వొచ్చింది.

"గిట్లయితే షాపు మూసుకోవాలె," అన్నాడు బషీర్ దిగులుగా. తర్వాత మెల్లగా అన్నాడు. "అన్నట్టు, ఖమ్మం పోయిన రోజు లాల్‌సింగ్ మామ, నేను మీ అన్న ఇంట్ల బిర్యానీ తిన్నం. బిర్యానీ ఎట్లుందని మీ వదిన అడిగితే, జహీదా చేసే దానికన్నా వెయ్యిపాళ్లు నయం అన్న."

జహీదా స్టూలు మీంచి లేచింది. బషీర్ ఫోన్ను కొంచెం ఆమె దగ్గరికి జరిపాడు.