సూరమ్మ గారి తెల్ల గింజల్లో ఊదా మచ్చలు

1982 మార్చి. రాజమండ్రికి కొద్ది దూరంలో ఉన్న ఒక వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో నేను జెనెటిసిస్టుగా చేరి ఆరేళ్ళయింది. తల్లి మొక్క గుణాలు పిల్ల మొక్కకి ఎలా దిగుతాయో చూడటం మా పని. అక్కడ అందరూ వరి మీద పనిచేసేవారు, నాకు మాత్రం మొక్కజొన్న అప్పగించారు. నా గది గోదాము పక్కన. ఒక మైక్రోస్కోపు, రెండు బల్లలు, ఎలుకలు కొరికిన విత్తనాల సంచులు, అంతే.

ఒకరోజు పొద్దున్న వెంకన్న అనే కుర్ర రైతు, పెళ్ళయి ఏడాదైనా నిండని భార్య నాగమణితో వచ్చాడు. వాళ్ళది గోదావరి మధ్యలో ఒక లంక. సంచీలోంచి నాలుగు పొత్తులు తీసి బల్ల మీద పెట్టాడు. ముత్యాల్లాంటి తెల్ల గింజలు. వాటిలో కొన్నింటి మీద ఎవరో సిరా చల్లినట్టు ఊదా రంగు మచ్చలు.

"మా అమ్మ సూరమ్మ విత్తనమండి ఇది. లంకంతా మా ఇంటి తెల్ల గింజే వేస్తారు. ఈ ఏడే ఇలా అయింది మేడమ్" అన్నాడు. కాసేపు నసిగి, "మా ఆవిడ పుట్టింటి నుంచి పసుపు మొక్కజొన్న తెచ్చి పెరట్లో రెండు వరసలు వేసిందండి. దాని వల్లేనంటోంది మా అమ్మ" అన్నాడు.

నేను పొత్తుని ఒకసారి తిప్పి చూశాను. "అంతేనయ్యా. ఆ రకం పుప్పొడి గాలికి ఎగిరొచ్చి పడి ఉంటుంది. వచ్చే ఏడు ఆ వరసలు వేయకండి."

నాగమణి మెల్లగా అడిగింది. "మా గింజ పసుపండి. ఇందులో పసుపు ఏదండి?"

"రెండు రకాలు కలిస్తే ఎన్నో రంగులు వస్తాయమ్మా" అన్నాను. ఐదు నిమిషాల్లో పంపించేశాను. మధ్యాహ్నం వరి వాళ్ళతో మీటింగు ఉంది మరి.

పది రోజుల తర్వాత బల్ల సర్దుతుంటే ఆ పొత్తు మళ్ళీ చేతికొచ్చింది. ఊరికే నాలుగు గింజలు ఒలిచి, బ్లేడుతో కోసి, లెన్సు కింద పెట్టాను. ఊదా రంగు పైపొరలోనే ఉంది. లోపలి పిండి తెల్లగా, సుద్దలా ఉంది. పసుపు రకం పుప్పొడి పడితే ఆ ఏడు, ఆ గింజలోనే కాస్తయినా పసుపు కనిపించాలి. మొక్కజొన్నలో ఇది మొదటి పాఠం. పొత్తంతా ఒలిచాను. ఒక్క గింజలోనూ పసుపు లేదు.

ఆ అమ్మాయి అడిగింది ఇదే కదా!

మర్నాడే పడవెక్కి లంకకి వెళ్ళాను. సూరమ్మ గారికి అరవై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, నిటారుగా నడుస్తారు. ముంత నిండా మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. నాగమణి ఎక్కడని అడిగాను.

"పుట్టింటికి పంపేశానండి. ద్రాక్షారామం పక్కనే వాళ్ళ ఊరు. దాని గింజే చెరిపిందని మీరే చెప్పారటగా?"

మజ్జిగ ముంత కింద పెట్టాను. "నేను తప్పు చెప్పానండి" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూశారు. "చదువుకున్నవాళ్ళు కూడా తప్పు చెబుతారా అండి?"

"నేను చెప్పానండి. సరిగ్గా చూడకుండా చెప్పాను."

ఆవిడ వెంటనే మెత్తబడలేదు. తప్పు అప్పుడు చెప్పారో ఇప్పుడు చెబుతున్నారో ఎలా తెలుస్తుందన్నారు. అదీ న్యాయమే. కోడలు కాపురానికి రాకముందు కోసిన విత్తనం ఏమైనా మిగిలిందా అని అడిగి, ఉంటే మా కేంద్రంలో నాటి, బయటి పుప్పొడి పడకుండా సంచులు కట్టి చూస్తానన్నాను. లోపలికెళ్ళి అటక మీంచి ఒక సొరబుర్ర దించారు. వరదొచ్చి పంట పోతే అక్కరకొస్తుందని, ఏటా ఒక బుర్ర నిండా గింజలు బూడిద కలిపి దాచేవారట.

"ఇది మా అత్తగారి నుంచి వచ్చిన విత్తనమండి" అంటూ సగం గింజలు నా రుమాలులో పోశారు. "సంచులు కడతానంటున్నారుగా, అవి నేనే వచ్చి కడతాను. ఇంకొకరి చెయ్యి పడకూడదు."

ఆ పనిని మేము సెల్ఫింగ్ అంటాం. పీచు బయటికి రాకముందే పొత్తుకి కాగితం సంచీ తొడిగి, పైనున్న పూలగుత్తికి ఇంకో సంచీ కట్టి, ఆ మొక్క పుప్పొడినే దాని పీచు మీద దులపాలి. బయటి పుప్పొడి రేణువు ఒక్కటి కూడా తగలదు; అయినా మచ్చలొస్తే అవి ఆ విత్తనంలోవే.

జూలైలో మా కేంద్రం మడిలో గింజలు నాటాను. నాగమణికి క్షమించమని ఉత్తరం రాశాను. ఆగస్టు చివర, సంచులు కట్టే రోజున, వాళ్ళ అన్నయ్యని తోడు తీసుకుని బస్సు దిగింది. చెయ్యి సాయం చేస్తావా అంటే తల అడ్డంగా ఊపింది. "నేను ముట్టుకోనండి. రేపు నేనే ఏదో కలిపానంటారు. చూస్తాను, అంతే."

అలా వారం రోజులు, మళ్ళలో అత్తగారు, గట్టు మీద కోడలు. ఇద్దరికీ మాటల్లేవు. నాలుగో రోజు ఎండకి సూరమ్మ గారు కాస్త తూలారు. నాగమణి పరుగెత్తుకెళ్ళి చెంబుతో నీళ్ళిచ్చింది. మొక్కలకి తన కొంగు కూడా తగలకుండా చీర చుట్టబెట్టుకుని మరీ వెళ్ళింది. సూరమ్మ గారు నీళ్ళు తాగి చెంబు తిరిగిచ్చారు. కోడలు గట్టెక్కేదాకా అటే చూస్తూ నిలబడ్డారు.

అక్టోబరులో పొత్తులు విరిచాం. నాగమణి, వెంకన్న కూడా వచ్చారు. సూరమ్మ గారే ఒక్కొక్క సంచీ విప్పి, పైపొరలు ఒలుస్తున్నారు. మొదటిది తెలుపు. రెండోదీ తెలుపే. పది పొత్తులయ్యాయి, మచ్చ లేదు. ఆవిడ ముఖం వికసిస్తోంది. నాగమణి తల దించేసుకుంది. నా లెక్క మళ్ళీ తప్పిందా?

పదకొండోది ఒలిచి ఆవిడ ఆగిపోయారు. వరస వరసంతా ఊదా మచ్చలు.

"ఇది నా చేత్తో కట్టిన సంచేనండి" అన్నారు, తనలో తను చెప్పుకున్నట్టు. గట్టు మీద చతికిలబడ్డారు. ఆ మడిలో అలాంటివి ఇంకో రెండు దొరికాయి.

పక్కన కూర్చుని నాకు తెలిసినంత చెప్పాను. గింజలో రంగు తయారు చేసే జీన్ ఒకటి ఉంటుంది. ఆ జీన్ మధ్యలో ఒక డి.ఎన్.ఏ. ముక్క వచ్చి కూర్చుంటే రంగు రాదు, గింజ తెల్లగా ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌పోజబుల్ ఎలిమెంట్ అంటాం, అంటే చోటు మారే ముక్క. ఎన్నో తరాలు కదలకుండా ఉండి, ఎప్పుడో మళ్ళీ కదులుతుంది. గింజ పెరుగుతున్నప్పుడు ఏ కణంలోంచి లేచిపోతే అక్కడ రంగు తిరిగొస్తుంది. ముందే లేస్తే పెద్ద మచ్చ, ఆలస్యంగా లేస్తే చిన్న చుక్క.

"అంటే మా అత్తగారి నాటి నుంచీ నా గింజలోనే ఉందంటారా?"

"అంతకు ముందు నుంచీ ఉండొచ్చండి. ఇది రోగం కాదు, కల్తీ కాదు. కొత్త రకాలు పుట్టే దారుల్లో ఇదొకటి."

సూరమ్మ గారు ఆ మచ్చల పొత్తుని ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత, "నాగమణీ, నిన్ను అన్యాయంగా అన్నానే" అన్నారు.

అప్పటిదాకా కళ్ళు తుడుచుకుంటున్న నాగమణి తలెత్తింది. "నన్నన్నందుకు కాదు అత్తయ్యా. మా అమ్మ కట్టిచ్చిన గింజంతా తీసుకెళ్ళి గోదాట్లో పోశారు. అది తట్టుకోలేకపోయాను."

ఆ మాట నాకూ కొత్తదే. వెంకన్న నేల చూపులు చూశాడు. సూరమ్మ గారు చీర దులుపుకుని లేచి, "పద, మీ ఊరి బస్సు ఎన్నింటికి?" అన్నారు.

ఆ సాయంత్రం ఏం జరిగిందో తర్వాత వెంకన్న చెప్పాడు. వాళ్ళమ్మ నేరుగా వియ్యపురాలి గుమ్మంలోకి వెళ్ళి, కొంగు పట్టి, "వదినగారూ, దోసెడు పసుపు గింజ ఇప్పించండి. ఈసారి నేనే వేస్తాను" అన్నారట. ఆవిడ లోపలికెళ్ళి గింజకంటే ముందు అన్నం పళ్ళెం తెచ్చారట. మర్నాడు కోడల్ని వెంటబెట్టుకునే పడవెక్కారు.

ఆ మచ్చల గింజలతో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. నా సర్వీసులో చెప్పుకోదగ్గ పని అదే. కానీ దాని గురించి ఎవరైనా గొప్పగా మాట్లాడితే కొంచెం సిగ్గేస్తుంది. బయటి నుంచి వచ్చినదాన్ని ముందు అనుమానించడం సూరమ్మ గారికి ఎంత సులువో, ఇన్ని చదువులు చదివిన నాకూ అంతే సులువైంది. పైగా నా మాటకి సర్కారు స్టాంపంత విలువ ఉంది. ఆ మాట పట్టుకునే ఒక ఆడపిల్లని ఇంట్లోంచి పంపేశారు.

ఆ తర్వాత ఎవరు ఏ మొక్క పట్టుకొచ్చినా వాళ్ళని కూర్చోబెట్టి, "మీకేమనిపిస్తోంది?" అని అడిగేదాన్ని. వాళ్ళు చెప్పింది నోట్‌బుక్కులో మొదటి వాక్యంగా రాసుకున్నాకే లెన్సు తీసేదాన్ని.