పొలి దాటిన సైకిళ్లు

నవ్వేవాళ్లుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం నేను చెప్పడం ఆపేస్తాను. ఇది ఎవరో చెప్పగా విన్న ముచ్చట కాదు. నా కళ్లతో చూసిందీ అనను... ఆ చీకట్లో ఏం కనబడింది గనక? నా చెవులతో విన్నది. నా పిల్లల మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. నేను సూర్యాపేట బడిలో కొత్త పంతులుని. మా అక్కను మిర్యాలగూడలో ఇచ్చాం. బావ పేరు సత్తయ్య, అక్కడే రైసు మిల్లులో గుమాస్తా. ఆయనకు సైకిలంటే పిచ్చి. కొత్త సైకిలు కొని రోజూ కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవాడు. "నా మొకం దిక్కు అంతసేపు సూడడు" అని అక్క దెప్పుతుండేది.

అంతకుముందు రజాకార్ల గొడవల రోజుల్లో పొద్దుగూకితే గడప దాటే వీలుండేది కాదు. ఇప్పుడు ఆ భయం తగ్గింది. బావ ఒకటే పోరు... సైకిళ్ల మీద చుట్టూ తిరిగొద్దామని. సూర్యాపేట, మునగాల, కోదాడ, అక్కణ్ణుంచి గుట్టల దారిన మళ్లీ ఇంటికి. అక్క అప్పుడు కడుపుతో ఉంది. బయల్దేరేటప్పుడు నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, నీ మీద నమ్మకంతోని తోలుతున్న. మీ బావను ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తెచ్చి నాకు అప్పజెప్పాలె."

"నీ మొగుడేమన్న చిన్నపిలగాడా అక్కా?" అని నవ్వాను. అక్క నవ్వలేదు.

ఎంత హాయిగా తిరిగామో చెప్పలేను. బస్సు లేదు, లారీ లేదు. ఎప్పుడన్నా ఒక ఎడ్లబండి. గుట్ట ఎక్కేటప్పుడు దిగి తోసుకుంటూ, దిగేటప్పుడు కాళ్లు చాపి కేకలు పెడుతూ... కోదాడలో చుట్టాలింట్లో పడుకున్నాం. మర్నాడు తిరుగు ప్రయాణం. పెద్ద రోడ్డు వదిలి గుట్టల మధ్య నుంచి పోయే బండ్ల బాట పట్టాం. అడ్డదారి అని బావే అన్నాడు. ఒక టైరు పంక్చరై ఆలస్యమైంది. పొద్దు గుట్ట వెనక్కి పోయింది.

అప్పుడు ఎదురైంది ఆ ఊరు. పేరు చెప్పను. నాలుగు దిక్కులా గుట్టలు, మధ్య గుంటలో ఇళ్లు. బాట నేరుగా ఊరి మధ్య నుంచే అవతలికి పోతుంది. ఊరి పొలిమేరలో బాటకు అడ్డంగా వేపమండలు పరిచి ఉన్నాయి. పక్కనే కట్టె పట్టుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. ఊరి కావలికారు.

"ఆగుండ్రి బిడ్డా. ఊర్ల బొడ్రాయి పండుగ. ఇప్పుడే పొలి సల్లిన్రు."

బొడ్రాయి అంటే ఊరి నడిబొడ్డున పాతిన దేవతరాయి. పొలి అంటే మీకు తెలియకపోతే చెబుతాను. బలిచ్చిన మేక నెత్తురు అన్నంలో కలిపి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ పోతారు. ఊరికి అదొక కట్టు. తెల్లారేదాకా లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి రాకూడదు. వేపమండల కింద ఎర్రటి మెతుకులు కనబడుతూనే ఉన్నాయి.

"మేం మీ ఊర్ల ఆగం తాతా. గీ దిక్కు నుంచి ఆ దిక్కుకు పోతం, అంతే" అన్నాడు బావ.

"వద్దు బిడ్డా. కట్టు లోపట నేలకు పరాయోని కాలు ఆనొద్దు. ఆనితే ఇగ వాడు ఊరోడే అయితడు."

బావ నా వైపు తిరిగి కన్ను గీటాడు. "కాలు ఆనొద్దన్నడు గని, సక్రం ఆనొద్దనలే గద బామ్మర్దీ?"

నేను నోరు తెరిచేలోపే తొక్కేశాడు. వేపమండల మీదుగా, మెతుకుల మీదుగా... దిగుడు దారి, సర్రున పోయాడు. నేనేం చేయను? అక్క మాట గుర్తొచ్చింది. నేనూ వెనకే తొక్కాను. ముసలాయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "అయ్యో..." అని మాత్రం అన్నాడు.

ఊళ్లోకి వచ్చాం. ఒక్క ఇంట్లో దీపం లేదు. తలుపులన్నీ బిగించి ఉన్నాయి. కుక్క మొరగలేదు. పండుగ అంటే డప్పు ఉండాలి కదా... అదీ లేదు. మా సైకిళ్ల చప్పుడే. టిక్ టిక్ టిక్... బావ ఏదో పాట అందుకుని, మధ్యలో ఆపేశాడు.

ఊరు దాటాం. ఎక్కుడు దారి వచ్చింది. రొప్పుతూ తొక్కాం. దారి ఎక్కడా మలుపు తిరగలేదు. ఒట్టు, ఎక్కడా తిరగలేదు. చివరికి పొలిమేర వచ్చింది... అక్కడ అదే ముసలాయన. మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. అదే కట్టె. కానీ ఇప్పుడు వేపమండల మీద తుమ్మకంప లాగి ఉంది. మనిషెత్తు కంప. దిగి లాగితే తప్ప సైకిలు పోదు.

"తాతా!" అని పిలిచాడు బావ.

పలకలేదు.

"ఓ తాతా! కంప తియ్యి. పోతం."

దగ్గాడు. మనిషే. కానీ తల తిప్పలేదు.

కాలు ఆనకుండా అక్కడే గిరగిరా తిరుగుతున్నాం మేమిద్దరం. ఆగితే పడతాం. పడితే కాలు ఆనుతుంది. "దిగుదామా బావా?" అన్నాను. అంతసేపూ నవ్విన మనిషి ఇప్పుడు బతిమాలాడు. "వద్దు. కాలు మాత్రం పెట్టకు, నీకు దండం పెడుత."

మళ్లీ వెనక్కి. మళ్లీ ఊరు. మళ్లీ ఆ మూసిన తలుపులు. ఈసారి ఒక తలుపు వెనక ఎవరో ఊపిరి బిగపట్టినట్టు అనిపించింది. మొదట లోపలికి వచ్చిన దారినే పోతున్నాం అనుకున్నాం. పైకి ఎక్కాం... ముసలాయన వీపు. తుమ్మకంప. దగ్గు.

అప్పుడే బావ సైకిలు దీపం ఆరిపోయింది. నాదానికి మొదట్నుంచీ దీపమే లేదు. ఇక ఏమీ కనబడలేదు. నా చేతులు కూడా నాకు కనబడలేదు. పిక్కలు పట్టేశాయి. ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేం లేదు. బోనులో పడ్డ ఎలుకకైనా ఒక మూల కూర్చునే వీలుంటుంది, మాకు అదీ లేదు.

"గుట్ట పక్కపొంటి గొర్లబాట ఉన్నట్టుంది" అన్నాడు బావ చీకట్లోంచి. "నేను ముందల పోత. బెల్లు కొడుత. నువ్వు ఆ సప్పుడు వట్టుకొని రా."

ట్రింగ్... అని మోగింది. దాని వెంట తిప్పాను. కొమ్మలు మొహానికి కొడుతున్నాయి. కంపలు కాళ్లు చీరేస్తున్నాయి. ట్రింగ్... కాస్త ఎడమకు. ట్రింగ్... ఇంకాస్త పైకి. నా ప్రాణమంతా ఆ బెల్లు మీదే ఉంది.

అప్పుడు...

వెనకనుంచి పిలుపు.

"బామ్మర్దీ... ఆగు. పడ్డ నేను. ఆగు జర."

బావ గొంతు. అనుమానమే లేదు. ఆయాసపడుతున్నాడు. నా వెనకే, పట్టుమని పది గజాల దూరం ఉండదు.

ముందు నుంచి... ట్రింగ్.

ఆగితే కాలు కింద పెట్టాలి. ఆగకపోతే... వెనక ఉన్నది నిజంగా బావే అయితే? అక్కకు ఏం చెప్పను?

"రాజలింగం... కాలిరిగింది రా... నన్ను ఇడిసిపెట్టి పోతవా?"

పేరు పెట్టి పిలిచాడు. బావ నన్ను ఎప్పుడోగానీ పేరు పెట్టి పిలవడు. చెవులు మూసుకుందామంటే చేతులు హ్యాండిలు వదిలే వీలు లేదు. ట్రింగ్... నేను తొక్కాను. ఏడుస్తూ తొక్కాను. పిలుపు చాలాసేపు వినబడింది. తర్వాత సన్నబడింది. తర్వాత లేదు.

ఒక్కసారిగా చక్రం కింద మొరం కరకరలాడింది. రోడ్డు! గాలి చల్లగా తగిలింది. పక్కన ఇంకో సైకిలు చప్పుడు. బావ. నా పక్కనే, నాతోబాటే రోడ్డెక్కాడు. చెయ్యి చాపి తడిమాను. చెమటతో తడిసిన చొక్కా, వెచ్చటి మనిషి. నన్నూ ఆయన అలాగే తడిమాడు. తెల్లారుతుండగా మిర్యాలగూడ చేరాం. అక్క తలుపు తీసి ఇద్దర్నీ చూసి ఏడ్చేసింది. "తెచ్చిచ్చినవ్ తమ్మీ" అంది.

అక్కకు కొడుకు పుట్టాడు. తర్వాత ఇంకా పిల్లలు. బావ అదే మనిషి, అవే పరాచికాలు. ఆ రాత్రి సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. నాకు లోపల ఒకటే పీకులాట... నేను తీసుకొచ్చింది బావనేనా అని.

ఉండబట్టలేక చాలా ఏళ్లకు అడిగేశాను. వాళ్ల మిల్లు అరుగు మీద కూర్చుని ఉన్నాం.

"బావా, ఆ రాత్రి నువ్వు బెల్లు కొట్టుకుంట పోతుంటే, నా ఎనక నుంచి నీ గొంతే పిలిచింది."

బావ బీడీ పారేశాడు. నన్ను అదోలా చూశాడు.

"నేనేడ కొట్టిన? మొదటి కంపకే నా బెల్లు మూత ఊడి పడ్డది. ముందల బెల్లు మోగుతుంటే... నువ్వే నన్ను దాటి పోయినవనుకున్న. దాని ఎంబడే వచ్చిన." పారేసిన బీడీని చెప్పుతో నలిపాడు. "నా ఎనక నువ్వు మొత్తుకున్నవ్. కాలిరిగింది బావా, ఇడిసిపెట్టి పోకు అని. నేను ఆగలే."

లోపల మిల్లు ఆడుతోంది.

"ఒకసారి ఆ ఊరికి పోయి సూసొద్దామా బావా? పగటిపూట?"

బావ లేచి పంచె దులుపుకున్నాడు.

"పోతం సరే... గాడ మనమిద్దరం కనవడితే?"

మేం పోలేదు.