మరక లేని సోఫా

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా ఇంటికంతటికీ మంచం ఒక్కటే. మా నాన్న పెళ్ళికి తాతయ్య చేయించిన టేకు పట్టెమంచం అది. వడ్రంగి నెల రోజులు మా పంచలోనే కూర్చుని చేశాడని చెప్పేవారు. దాని మీద తెల్లటి నవారు అల్లి ఉండేది. ఏడాదికోసారి నవారు వదులయ్యేసరికి అమ్మా, నాయనమ్మా దాన్ని విప్పి, ఉతికి, ఎండబెట్టేవారు. నాన్న కాలు తన్నిపెట్టి మళ్ళీ బిగించేవాడు. ఆ మంచం తీసేసి ఇంకొకటి తెచ్చుకోవాలన్న ఊహ మా ఇంట్లో ఎవరికీ వచ్చి ఉండదు. రాత్రిళ్ళు దాని మీద నాన్న పడుకునేవాడు. మిగతావాళ్ళకి చాపలు. మధ్యాహ్నం బడి లేనప్పుడు మాత్రం అది నాది. అక్కని కూడా ఎక్కనిచ్చేవాణ్ణి కాదు.

పెరట్లో ఉన్న గదిని ఒక జంటకి అద్దెకిచ్చాం. భర్త లారీ డ్రైవరు. మిర్చి బస్తాలు వేసుకుని వెళితే వారానికి గాని తిరిగొచ్చేవాడు కాదు. ఆమెని నేనూ అక్కా పిన్నీ అని పిలిచేవాళ్ళం. ఆమెది కోదాడ అవతల ఒక పల్లె. మాట మాకు కొత్తగా ఉండేది. నేను ఆమె మాటని అనుకరించి వెక్కిరిస్తే అందరికంటే ముందు తనే నవ్వేది. "మంచిగనే అంటున్నవ్ రా! మా ఊరికొస్తే నిన్ను పేటోడని ఎవలూ అనుకోరు" అనేది. వాళ్ళకి ఒక చాప, రెండు బిందెలు, ఒక ట్రంకు పెట్టె తప్ప వేరే సామాను లేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఎండాకాలం ఒక మధ్యాహ్నం నేను మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాను. పెరట్లో బావి దగ్గర బిందె పడిన చప్పుడైంది. తర్వాత నాయనమ్మ కేక. పిన్నికి అప్పుడు ఏడో నెల. అమ్మా, నాయనమ్మా చెరో రెక్కా పట్టుకుని ఆమెని ముందు గదిలోకి నడిపించుకొచ్చారు. ఆమె చీర కుచ్చిళ్ళ నుంచి గచ్చు మీద ఎర్రటి చుక్కలు పడుతున్నాయి. "దిగరా" అంది నాయనమ్మ. దిగాను. ఆమెని మంచం మీద పడుకోబెట్టారు. నాన్న సైకిలేసుకుని డాక్టరమ్మ కోసం వెళ్ళాడు. కాళ్ళ వైపు మంచం ఎత్తుగా ఉంటే రక్తం కొంత నిలుస్తుందని నాయనమ్మకి ఎవరు చెప్పారో గాని, అక్కని పరుగెత్తించి ఇటుకలు తెప్పించి ఆ వైపు మంచం కాళ్ళ కింద పెట్టించింది.

అప్పటికే వీధిలో ఆడవాళ్ళు గుమ్మం దగ్గర చేరారు. మా వైపు ఒక పట్టింపు ఉంది. మనిషి పోయేటట్టుంటే మంచం మీంచి నేల మీదికి దించుతారు. దించకుండా ప్రాణం పోతే ఆ మంచం ఇక ఆ ఇంట్లో ఉంచుకోరు. గుమ్మంలో ఉన్న ఒక ముసలావిడ ఆ మాటే అంది. "ఏమమ్మో, కిందికి దించండి. అద్దెకున్న మనిషి కోసం మంచం పోగొట్టుకుంటారా?"

నాయనమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. "కదిలిస్తే నెత్తురు ఆగదు. మంచం సంగతి నేను చూసుకుంటాలే. ముందు మీరు గుమ్మానికి అడ్డం లేవండి, కాస్త గాలి రానీండి" అంది.

నేను మంచం పక్కనే నిలబడి నవారు వైపు చూస్తున్నాను. తెల్లటి పట్టీల మీద ఎరుపు ఒక గడి నుంచి ఇంకో గడికి పాకుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె కోసం కాదు. ఇన్నేళ్ళకైనా ఆ సంగతి దాచను. "నాయనమ్మా, నవారంతా పాడైపోతోంది. పిన్నిని చాప మీద పడుకోబెట్టొచ్చుగా" అన్నాను గట్టిగా.

పిన్ని విన్నది. కళ్ళు తెరిచి మోచేతి మీద లేవబోయింది. "నిజమే పెద్దమ్మా. నేను కిందనే పండుకుంట. మంచం ఖరాబైతది" అంటూ ఒక కాలు కిందికి పెట్టింది. అమ్మ ఆమెని పొదివి పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టింది. అంతవరకూ కొంచెం తగ్గినట్టున్న రక్తస్రావం ఆ కదలికతో మళ్ళీ ఎక్కువైంది. ఇటుక చేత్తో పట్టుకుని నిలబడిన అక్క నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది.

నాయనమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. తిట్టనూ లేదు. గూట్లో ఉన్న విసనకర్ర తెచ్చి నా చేతిలో పెట్టి, "మంచమెక్కు. ఆమె తల దగ్గర కూర్చుని విసురు. నేను చాలనేదాకా ఆపితే చూడు" అంది. నేను ఎక్కి కూర్చున్నాను. నా లాగూకి తడి అంటింది. విసురుతూనే ఉన్నాను. ఈ చెయ్యి నొప్పి పుడితే ఆ చేతికి మార్చుకున్నాను. కొంతసేపటికి పిన్ని తల పైకెత్తి నన్ను చూసింది. "చెయ్యి నొస్తది బిడ్డా, ఇగ సాలు" అంది. ఆమె పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. నన్ను ఓదార్చడానికి ఆమెకి ఆ ఊపిరి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

డాక్టరమ్మ వచ్చి సూదిమందు ఇచ్చింది. బెజవాడ తీసుకెళ్ళాల్సిందే, కారు చూడండి అంది. నాన్న మళ్ళీ పరుగెత్తాడు. ఆ రోజుల్లో పేటలో కారున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్క. దొరికి, పెట్రోలు పోయించుకుని, అది మా వీధి మలుపు తిరిగేసరికి నాయనమ్మ నా చేతిలోంచి విసనకర్ర తీసేసుకుంది. లోపలి బిడ్డా దక్కలేదు.

మూడో రోజుకి గాని ఆమె భర్తకి కబురు అందలేదు. అతను వచ్చేసరికి నవారు తీసేసి కడిగిన మంచం పెరటి గోడకి ఆనించి ఉంది. అతను ఆ పట్టె మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. నెల తిరక్కుండానే గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

మంచాన్ని నాయనమ్మ రాళ్ళు కొట్టుకునే ఒక కుటుంబానికి ఇచ్చేసింది. దాని మీద ఏం జరిగిందో చెప్పే ఇచ్చింది. "మాకట్టాంటి పట్టింపుల్లేవమ్మా. మనుషులన్నాక ఎక్కడో ఒకచోట పోతారు" అని వాళ్ళు తలకెత్తుకుని తీసుకెళ్ళారు. నాన్న ఆ పూట అన్నం సరిగా తినలేదు. "మాటలా అమ్మా, ఇంకో మంచం చేయించాలంటే" అన్నాడు. నాలుగేళ్ళ దాకా చేయించలేకపోయాడు కూడా. అందరం చాపల మీదే పడుకున్నాం.

ఆ మంచం ఎందుకిచ్చేశావని ఒకరోజు నేను నాయనమ్మని అడిగాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"మంచం ఎందుకు చేయించుకుంటార్రా?"

"పడుకోడానికి."

"మరి పడుకుంది కదా" అంది. మళ్ళీ బియ్యం వైపు వంగింది.

నా మాట వల్లే పిన్ని లేవబోయిందనీ, లేవకపోతే బతికేదేమో అనీ అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ అడగలేకపోయాను. ఎనిమిదేళ్ళవాడికి ఏం తెలుసు అనే సమాధానం ఒకటి నాకు నేనే చెప్పుకున్నాను. అది చాలా ఏళ్ళు పనికొచ్చింది కూడా.

తర్వాత నేను చదువుకున్నాను. ఉద్యోగం వచ్చింది. నందిగామలో ఇల్లు కట్టుకున్నాను. నా సంసారంలో ఇప్పటికి ఐదు సోఫాలు మారాయి. మొదటిది పేము సోఫా, తర్వాతిది రెక్సిన్‌ది, ఆ తర్వాత చెక్క దిమ్మల్లాంటిది. తెచ్చిన ప్రతిసారీ ఇక ఇదే ఆఖరు, మా తర్వాత కూడా ఉంటుంది అనుకునేవాళ్ళం. ఒక్కటీ విరిగి పోలేదు. గోడల రంగు మార్చామని ఒకటి తీసేశాం. పెద్ద టీవీ వచ్చాక గదికి సరిపోలేదని ఇంకొకటి తీసేశాం. నాలుగోది పాలమీగడ రంగులో గోడ మూల తిరిగి ఉండేది. దాన్ని తెచ్చిన ఏడాదే అక్కకి జబ్బు చేసింది.

అక్కని చందర్లపాడు ఇచ్చాం. బావ పోయాక కొడుకు దగ్గర ఉండేది. విజయవాడలో ఆపరేషన్ అయింది గాని, నడుము పక్కన పుండు మానలేదు. ప్రతి బుధవారం నందిగామ వచ్చి కట్టు మార్పించుకోవాలి. పొద్దున్న బస్సుకి వస్తే డాక్టరు పది దాటాక గాని వచ్చేవాడు కాదు. ఆ రెండు మూడు గంటలూ మా ఇంట్లో ఉంటుందని అనుకున్నాం. మొదటిసారి వచ్చినప్పుడు మేనల్లుడు ఆమెని మా గుమ్మంలో దింపి, మందులు కొనడానికి వెళ్ళాడు. ఆమె చీర మీద నడుము దగ్గర అరచెయ్యంత తడి ఉంది. వాసన కూడా వచ్చింది. ఆమె మెల్లగా నడుచుకుంటూ వచ్చి సోఫా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, అది మరీ దిగిపోద్ది. మళ్ళీ లేవలేవు. ఇదైతే నీకు హాయిగా ఉంటది" అని వరండాలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాను.

ఎంత మర్యాదగా అన్నానో! ఆమె మంచి కోరే అన్నట్టు అన్నాను. గుమ్మం దగ్గరున్న నా భార్య నా వైపు చూసింది. అక్క సోఫా మీంచి చెయ్యి తీసేసింది. ఆ తర్వాత నవ్వింది. "అవున్రా తమ్ముడూ, అందులో కూలబడ్డానంటే నన్ను లేపడానికి మిమ్మల్నిద్దర్నీ పట్టుకోమనాలి" అంటూ కుర్చీలో కూర్చుంది. పుండు ఆనకుండా ఒక పక్కకి ఒరిగి రెండు గంటలు కూర్చుంది. నా భార్య ఉండబట్టలేక, "లోపలికొచ్చి మంచం మీద కాసేపు నడుం వాల్చండి వదినా" అంది. "వద్దులేమ్మా, మళ్ళీ నువ్వు దుప్పటి మార్చుకోవాలి" అంది అక్క. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

మళ్ళీ వారం ఆమె రాలేదు. ఫోను చేస్తే, కట్టు ఊళ్ళోనే మారుస్తున్నార్రా అంది. నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను. నాలుగు నెలలకి ఆమె పోయింది. పదకొండో రోజు పనులన్నీ అయ్యాక మేనల్లుడు నా పక్కన కూర్చుని, నన్ను నొప్పించాలని కాదు, మామూలుగానే చెప్పాడు. "మీ ఇంటికెళ్దామా అంటే వద్దనేది మామయ్యా. డాక్టరు గారొచ్చేదాకా బస్టాండులో సిమెంటు బల్ల మీదే పడుకునేది. మామయ్య ఇంట్లో అన్నీ కొత్తయిరా, మనమెందుకు అనేది." ఆ బస్టాండు మా ఇంటికి పది నిమిషాల నడక. ఆ నాలుగు నెలల్లో ఎన్నోసార్లు దాని ముందు నుంచే కూరగాయలకి వెళ్ళాను. ఒక్కసారీ లోపలికి తొంగి చూడలేదు.

పాత సోఫా ఇస్తే కొత్తదాంట్లో తగ్గిస్తామని మరో మూడేళ్ళకి ఒక దుకాణంవాళ్ళు చెబితే మార్చేశాం. వచ్చినతను దిండ్లు ఎత్తి, మూలల్లో చెయ్యి పెట్టి చూశాడు. "ఒక్క మరక లేదండి. ఇంత శుభ్రంగా వాడినోళ్ళని నేను చూళ్ళేదు" అన్నాడు మెచ్చుకోలుగా. నేను గుమ్మం పక్కకి జరిగి దారిచ్చాను.

చిన్నప్పుడు నోరు జారితే, నాయనమ్మ నా చేతికి ఒక పని ఇచ్చి ఆ పాపం పక్కనే నన్ను కూర్చోబెట్టింది. పెద్దయ్యాక చేసినదానికి అలా కూర్చోబెట్టేవాళ్ళు లేరు. నాకు నేనుగా కూర్చోవాల్సింది. అక్కతో పాటు ఒక్క బుధవారమైనా ఆ సిమెంటు బల్ల మీద కూర్చుని ఉండొచ్చు. తెలియలేదు అనడానికి నాకు ఎనిమిదేళ్ళు కాదు, అరవై దాటాయి.

మా పక్కింట్లో అద్దెకుండే కుర్రాడు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. డ్యూటీ దిగి వస్తూ, పొద్దున్న మాకిచ్చి వెళ్ళిన తాళం చెవి కోసం మా ఇంటికొస్తాడు. "ఒళ్ళంతా దుమ్మండి, నిలబడతాలెండి" అంటాడు. కూర్చోమంటాను. మంచినీళ్ళు నేనే తెచ్చిస్తాను. అతను సోఫాలో ఒక అంచున కూర్చుని తాగి వెళ్తాడు. మారానని చెప్పుకోవడానికి ఇది చాలదు. ఎందుకంటే అతను తలుపు దగ్గర కనబడగానే నా చూపు ఇప్పటికీ ముందు అతని ప్యాంటు మీదికే పోతుంది. అక్కడి నుంచి మొహం మీదికి రావడానికి ఒక క్షణం పడుతుంది. ఆ ఎండాకాలం మధ్యాహ్నం నాలో ఉన్న ఆ చూపే ఈ వయసులోనూ నాతో ఉంది. నాయనమ్మ చెప్పినదంతా తెలిసీ ఉంది. ఆ ఒక్క క్షణాన్ని ఎదుటివాళ్ళు పట్టుకోలేరని అనుకునేవాణ్ణి. అక్క పట్టుకుంది.