శహాతా ఊరికి మోసిన మూట

లింబాగౌడ్‌కు కోపం ముక్కుమీదే ఉంటుందని భీంగల్ చుట్టుపక్కల ఏ కల్లు దుకాణంలో అడిగినా చెబుతారు. కానీ ఆ కోపం నోటిదాకా రాదు. అదీ అతనితో వచ్చిన చిక్కు. తిట్టేవాడు తిట్టేసి మరిచిపోతాడు. ఇతను తిట్టడు, లోపల దాచుకుంటాడు. అలా దాచుకున్న కోపం ఒక మనిషి ప్రాణం తీసింది.

తాళ్లు, ఈదులు గీసుకు బతికే గౌండ్ల మనిషి ఎడారికెందుకు పోయాడంటే, ఊరు ఊరంతా పోతుంటే తనూ పోయాడు. ఎనభై ఆరులో సౌదీలోని ఉనైజాలో ఖర్జూరపు తోటలో దిగాడు. కఫీల్ పేరు అబూ సాలెహ్. అక్కడ యజమానిని కఫీలంటారు, పనివాడి పాస్‌పోర్టు అతని బీరువాలోనే ఉంటుంది. మొదటిరోజు తోట చూసి లింబాగౌడ్ పడీపడీ నవ్వాడు. "ఓరి నీ! గిది మా ఈతచెట్టే గదరా, తిని తిని జర బలిసింది!" అన్నాడు. తోటలో దొరికిన నైలాన్ తాడుతో ఊళ్లోలాగే చెట్టెక్కే మోకు పేనుకుని, మిగతావాళ్లు ఇరవై చెట్లెక్కే పొద్దుకు నలభై ఎక్కేవాడు. కఫీల్ మురిసిపోయాడు.

తొంభైలో సెలవు మీద ఇంటికి పోవాలి. పెట్టె సర్దుకున్నాడు కూడా. అంతలో కువైట్ గొడవ మొదలైంది. "యుద్ధం అయిపోనీ" అన్నాడు కఫీల్. తోటలోని యెమెన్ వాళ్లను ప్రభుత్వం వెళ్లగొట్టింది. వాళ్ల జాగాలో ఈజిప్టు నుంచి శహాతా వచ్చాడు, అదీ ఫోర్‌మన్‌గా.

శహాతా కూడా పుట్టుకతో చెట్టెక్కేవాడే. తోటలో తనకంటే వేగంగా ఎక్కేవాడొకడున్నాడని తెలిసిన రోజునుంచీ లింబాగౌడ్‌ను వేపుకు తిన్నాడు. చెట్టు దింపి పేడ ఎత్తే పనికి పెట్టాడు. పేరు పెట్టి పిలవలేదు, "ఏయ్ ఆవుల్ని మొక్కేవాడా" అనేవాడు. రియాద్ మీద క్షిపణులు పడుతున్నాయని తోటకు నాలుగు గ్యాస్ మాస్కులు వస్తే, ఒకటి మొహానికి తగిలించుకుని, మూడు పెట్టెలోకి తోసి తాళం వేశాడు. వాడి చావు వాడు చస్తాడులే అని లింబాగౌడ్ ఓర్చుకున్నాడు.

యుద్ధం ఆగిన కొద్దిరోజులకు పూత కాలం వచ్చింది. మగచెట్టు పూత తెచ్చి ఆడగెలల్లో కట్టాలి, పది పదిహేను రోజుల్లో పని తెమలాలి. పని వెనకబడుతోందని కఫీల్ అందరి ముందూ శహాతాను గద్దించాడు. "ఆ హిందీవాణ్ణి చూసి నేర్చుకో!" అన్నాడు. హిందీ అంటే వాళ్ల మాటలో ఇండియావాడు. శహాతా నేరుగా వచ్చి లింబాగౌడ్ చెంప పగలగొట్టాడు. పక్కనున్న బెంగాలీలు కిసుక్కున నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, లింబాగౌడ్‌కు కడుపు రగిలిపోయింది.

"ఆ తాడేదో నాకు కట్టు" అన్నాడు శహాతా. కట్టాడు.

గౌండ్లాయన మోకుకు ఒక ముడి ఉంటుంది. చెట్టు లావును బట్టి సడలించుకోవడానికీ బిగించుకోవడానికీ వీలైన ముడి. ముడి వేశాక మిగిలిన కొసను నడుముకున్న మొలతాడులో దోపుకోవాలి. అప్పుడే వెనక్కి వాలినా జారదు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పే సంగతి కాదు, మొలతాడు లేని మగవాడు ఊళ్లో ఉంటే కదా! శహాతా నడుముకు మొలతాడు లేదు. అతను జుబ్బా పైకి చెక్కుకుని ఎక్కుతుంటే, కొస గాలికి ఊగుతూ కనిపించింది. లింబాగౌడ్ చూశాడు. చెంప ఇంకా మండుతూనే ఉంది. నోరు తెరవలేదు. పైకి పోయిన శహాతా గెల అందుకోవడానికి వెనక్కి వాలాడు.

తాడు జారి పడ్డాడని పోలీసులు రాసుకుని పోయారు. ఉనైజాలోనే పాతిపెట్టారు. కఫీల్‌కు మాత్రం గుబులు పట్టుకుంది, శహాతావాళ్లు రేపు ఏ దావా వేస్తారోనని. ఒక కాగితం రాయించాడు: చావు ప్రమాదం, మాకెవరి మీదా ఫిర్యాదు లేదు. "వాడి సామాను వాడింట్లో అప్పజెప్పి, తల్లి వేలిముద్ర వేయించుకురా. మర్నాడే నీకు ఖురూజ్ కొట్టిస్తా" అన్నాడు. ఖురూజ్ అంటే దేశం వదిలి పూర్తిగా పోవడానికి ముద్ర; ఈజిప్టుకైతే పోయి తిరిగిరావడానికే ముద్ర, చేతికి దారిఖర్చులే. ఖురూజ్ పడితే ఇల్లు. పెళ్లాం ముత్యవ్వ మొహం చూసి అయిదేళ్లయింది. లింబాగౌడ్ ఎగిరి గంతేశాడు, తప్పేంటి?

దుబా రేవులో ఓడెక్కి, ఎర్రసముద్రం దాటి ఈజిప్టులోని సఫాగాలో దిగి, కొండల మధ్య బస్సులో పడి కెనా దాటి, కోమ్ సాలిం అనే ఊరు చేరాడు. మట్టి ఇళ్లు, చెరకు తోటలు, కాలవ గట్టున గాడిదలు. హజ్‌కు పోయొచ్చినవాళ్లు గోడలమీద విమానం బొమ్మలు వేయించుకున్నారు. కాఫీ దుకాణం ముందు బల్లలమీద పదిమంది కూర్చున్నారు. శహాతా ఇల్లెక్కడని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపించారు.

"నువ్వు ముస్లిమువేనా?"

కాదన్నాడు. అడిగినవాడు తన టీ గ్లాసును ఇవతలికి లాక్కున్నాడు.

"మీరంతా పోయి అక్కడ మావాళ్ల పని చెడగొట్టారు" అన్నాడొకడు.

"ఏ శహాతా? గల్ఫుకు పోయి చెట్టెక్కడం మరిచిపోయిన శహాతానా?" అన్నాడు ఇంకొకడు. బల్లలన్నీ నవ్వాయి.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇక్కడ ఏ నోరూ మంచిది కాదు. అయినా లింబాగౌడ్‌కు ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంది. చెట్టుమీంచి పడి చచ్చాడని నవ్వడమా? భీంగల్‌లో అయితే ఆ కూత కూసినవాడి పళ్లు రాలేవి. ఆ నవ్వు వీపున మోసుకుంటూనే ఎలాగో ఇల్లు పట్టుకున్నాడు.

శహాతా సామానంతా అతని ఉమ్రా బట్టలోనే, మక్కా యాత్రకు కట్టుకునే ఆ తెల్లటి ఇహ్రాం బట్టలోనే మూటకట్టి తెచ్చాడు. చచ్చినవాడి ఇల్లు కదా అని గడప బయటే చెప్పులు విడిచాడు. నెత్తిమీది రుమాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. మూటను రెండు చేతులా పట్టుకుని, తలవంచుకుని లోపలికి నడిచాడు. మన దగ్గర అది మర్యాద.

వాకిట్లో ఉన్న ఆడవాళ్లు గొల్లుమన్నారు. శహాతా అన్న ఖాసిం చెరకు కొట్టే కత్తి పట్టుకుని లేచాడు. వెనకాలే వచ్చిన కాఫీ దుకాణం జనం గుమ్మంలోనే ఆగిపోయారు.

"నా తమ్ముణ్ణి నువ్వు చంపావా?"

లింబాగౌడ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎవరన్నరు? సామాను తెచ్చిన నేను!" అన్నాడు, వచ్చిన అరబ్బీ కాస్తా మరిచిపోయి తెలుగులోనే. మళ్లీ తేరుకుని అరబ్బీలో చెప్పాడు.

"ఇక్కడ హంతకుడే ఇలా వస్తాడు" అన్నాడు ఖాసిం. "కాళ్లకు చెప్పులుండవు, నెత్తిన బట్ట ఉండదు. తన శవానికి కప్పాల్సిన గుడ్డ తనే చేతుల్లో పట్టుకొస్తాడు. చంపితే చంపండి, వదిలితే వదలండి అని. నీకెవరు చెప్పారు ఇలా రమ్మని?"

ఎవరూ చెప్పలేదు. పాపం, ఆ ఊరి ఆచారం ఇతనికేం తెలుసు! శహాతా తల్లి నెమ్మదిగా వచ్చి మూట అందుకుని ఒళ్లో పెట్టుకుంది. ముసలామె ఏడవలేదు.

"మరి నా కొడుకు ఎలా పడ్డాడు?"

దారిపొడుగునా బట్టీపట్టిన మాట సిద్ధంగా ఉంది, తాడు తెగిందని. ఒక్క ముక్క చాలు. ఆమె వేలు పట్టి కాగితం మీద నొక్కించుకుంటే మర్నాడే బస్సు.

"ఏడేళ్లప్పటి నుంచి ఎక్కుతున్నాడు వాడు" అంది. "ఎక్కడం చేతకాక పడ్డాడని ఊరు నవ్వుతోంది. నువ్వు పక్కనే ఉన్నావటగా. చేతకాకే పడ్డాడా?"

గుమ్మంలో ఎవడో మళ్లీ నవ్వాడు. లింబాగౌడ్‌కు ఒళ్లు మండింది. శహాతా అంటే చచ్చేంత అసహ్యం అతనికి. కానీ చెట్టెక్కి బతికేవాణ్ణి చేతకానివాడంటే ఏ గౌండ్లాయన ఊరుకుంటాడు?

"చేతకాక కాదు!" అని అరిచాడు. "తాడు నాది. ముడి నేనేసిన. కొస నడుముకు దోపుకోవాలె, ఆ సంగతి ఆయనకు తెల్వది. మాకు నడుముకు తాడుంటది, మీకు ఉండదు."

"నువ్వు చెప్పడం మరిచిపోయావా?"

ఇక్కడైనా ఊఁ అంటే సరిపోయేది.

"మరువలే. కొస ఊగుతుంటే చూసిన. పొద్దున కొట్టిండు నన్ను. అందుకే చెప్పలే."

ఖాసిం కత్తి ఎత్తాడు. తల్లి కూర్చున్నచోటి నుంచే అతని జుబ్బా పట్టుకుని లాగింది. "గుడ్డ తెచ్చినవాణ్ణి కొట్టం. తెలిసి తెచ్చాడో తెలియక తెచ్చాడో, తెచ్చాడు. ప్రాణం వదిలేశాను, పో" అంది. లింబాగౌడ్ జేబులోంచి కాగితం తీశాడు. చూడండి సిగ్గులేనితనం! ఆమె అదేమిటని అడిగింది. చెప్పాడు. ఇంటికి పోవడానికని కూడా చెప్పాడు.

"నా కొడుకు ఇంటికి రాలేదు" అంది ముసలామె. "నువ్వూ పోవద్దు."

కాగితం ఎలా వెళ్లిందో అలాగే ఉనైజాకు తిరిగొచ్చింది. క్యాంపులో మోటార్లు బాగుచేసే జగిత్యాల నాగేందర్ అదంతా విని నెత్తి కొట్టుకున్నాడు. "ఎడ్డోడా! ఏలిముద్రకు పేరుంటదా? కఫీల్ ఏమన్న ఈజిప్టుకు వోయి చూస్తడా? నీ బొటనేలే అద్దు!" సిరా డబ్బా తానే మూత తీసి ముందు పెట్టాడు. లింబాగౌడ్ వేలు ముంచాడు. కాగితం మీదికి తెచ్చాడు. మళ్లీ వెనక్కి తీసుకుని, వేలు గోడకు రాసేసుకున్నాడు. ఆమె వద్దన్నది. దొంగముద్ర వేస్తే రెండోసారి చంపినట్టే అనుకున్నాడో ఏమో, అడిగితే అతనే సరిగా చెప్పలేడు.

కఫీల్ ఖాళీ కాగితం చూసి భుజాలెగరేశాడు. "ముద్ర లేదు, ఖురూజ్ లేదు. శహాతా జాగాలో ఇక నువ్వే ఫోర్‌మన్" అన్నాడు.

ఆ శుక్రవారం ముందే రాసిన ఉత్తరం ప్రకారం ముత్యవ్వ ఆర్మూర్ ఎస్టీడీ బూత్‌లో పొద్దున్నుంచీ కూర్చుని ఉంది. లింబాగౌడ్ ఉనైజా బజారులో ఫోను పట్టుకుని, ఏదీ దాచకుండా, చెంపదెబ్బ నుంచి సిరా వేలుదాకా అంతా చెప్పాడు.

"చెప్పాల్సినకాడ నోరు మూసుకుంటివి" అంది ముత్యవ్వ. "మూసుకోవాల్సినకాడ చెప్తివి. ఆమెకు కొడుకు లేకుండ చేసినవు, నాకు పెనిమిటి లేకుండ చేసినవు. ఇగ నాకేం చెప్తవయ్యా? ఎప్పుడొస్తవు?"

"తెల్వదే" అన్నాడు లింబాగౌడ్.